స్లాటు దొరికిన చోటే తీర్థం

ఇరవై తొమ్మిది దేశాలకు కలిపి ఒక్కటే వీసా అట. షెంగెన్ అంటరు దాన్ని. ఆ ఒక్క కాయితం చేతిల ఉంటే పోర్చుగల్ నుంచి ఫిన్లాండ్ దాకా ఎక్కడ దిగినా ఎక్కడ ఎక్కినా అడిగేటోడు ఉండడట. వినడానికి బాగనే ఉంది. మరి అంత సులువైన పనికి మా ఇంట్లో సంక్రాంతి నుంచి ఇంత లొల్లి ఎందుకు నడుస్తున్నదో నాకు ఎవరన్నా చెప్పాలె.

సంగతేందంటే, మా పిల్లలు ఈ ఎండాకాలం యూరప్ పోతున్నరు. కొడుకు, కోడలు, మనవడు, మనవరాలు. పాత నగరాలు, సముద్రాలు రెండూ చూడాలని మనవడి పట్టు. రోమ్‌తో మొదలు, అటెన్క పాంపేయి, అక్కడినుంచి సముద్రం అవతల దుబ్రోవ్నిక్, తర్వాత ఏథెన్స్, నడుమ ఒక దీవి, చివరికి బార్సిలోనా. పొద్దున కోట, మాపటికి బీచి. వాడు హైదరాబాదులో కంప్యూటరు ముందు కూసునే కొలువు చేస్తడు. పండుగకు కోటగిరి వచ్చినప్పుడు అరుగు మీద ల్యాప్‌టాప్ తెరిచి నాకు చూపించిండు. గళ్ళు గళ్ళుగా ఒక పట్టిక. పచ్చ గడి విమానం, పసుపుది హోటల్, ఎర్రది ఇంకా పైసలు కట్టనిది. ఏ తారీఖు ఎన్ని గంటలకు ఏ గోడ ముందు నిలబడాలెనో రాసి ఉంది.

"ఇండ్ల తినుడెప్పుడురా?" అన్న.

"అది కూడ ఉంది తాతా" అని ఒక గడి చూపెట్టిండు. నలభై నిమిషాలు.

మా రోజుల్లో ఎండాకాలం ప్రయాణాన్ని నిర్ణయించేది పట్టిక కాదు, చెరకు. శక్కర్‌నగర్‌లో ఫ్యాక్టరీ నడిచినన్ని రోజులు మా దిక్కు రైతు ఊరు దాటకపోయేది. 1937లో పుట్టిన నిజాం షుగర్స్ అది. ఆసియాలోనే పెద్దదని మా చిన్నప్పుడు చెప్పుకునేటోళ్ళు. బోధన్ రోడ్డు మీద రాత్రంతా చెరకు బండ్లు బారులు తీరి ఉండేవి, ఎడ్ల మెడల గంటలు, చలిమంటలు, బండి కిందనే నిద్ర. ఆఖరి బండి కాంటా అయి, బిల్లు చేతికొచ్చి, బాకీలు తీరి, ఇంకా ఏమన్న మిగిలితే అప్పుడు మా బాపు నోట్లోంచి మాట వచ్చేది: "ఇగ బాసర పోయొద్దాం." ఆ మాట పొద్దున వస్తే సాయంత్రానికి మూటలు కట్టేసేది. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. ఇప్పుడు మా ప్రయాణాలకు మొదలెక్కడో చివరెక్కడో తెలవకుండ పోయింది.

బోధన్‌లో రైలెక్కి జానకంపేటలో దిగాలె. అక్కడ నిజామాబాదు నుంచి మన్మాడు దిక్కు పోయే బండి పట్టాలె. నిజాం జమానాలో, 1900 ప్రాంతంలో పడ్డ మీటరు గేజి లైను. హోల్డాలు, ట్రంకు పెట్టె, నీళ్ళ సురాయి, సద్దిమూట. మూటలో సకినాలు, గరిజెలు, రెండు రోజులైనా చెడిపోని జొన్న రొట్టెలు, ఎల్లిపాయ కారం. బాసర అని బయలుదేరినా బాసరలోనే ఆగాలని ఎవరూ చెప్పలేదు. ఒకసారి బండిలో పక్కన కూసున్న మరాఠీ పెద్దమనిషి "ఇంత దూరం వచ్చిన్రు, నాందేడ్ గురుద్వారా చూడరా?" అన్నడు. నాందేడ్‌లో దిగినం. అక్కడ లంగర్‌లో తిన్నంక ఇంకెవరో ఔరంగాబాద్ ముచ్చట ఎత్తిన్రు. పర్భణీ, జాల్నా దాటి ఔరంగాబాద్ చేరినం. ఇప్పుడు ఆ ఊరి పేరు మారింది, మేము చూసిన కోట మాత్రం అక్కడనే ఉంది.

దౌలతాబాద్ కోట, 1327లో తుగ్లక్ ఢిల్లీని ఖాళీ చేయించి రాజధాని చేస్తనన్న కోట. ఎల్లోరాలో కైలాస గుడి, రాష్ట్రకూటుల కృష్ణుడు ఎనిమిదో శతాబ్దంలో కొండను పైనుంచి కిందికి చెక్కించింది. నడుమ ఖుల్దాబాద్‌లో ఔరంగజేబు గోరీ, మొదటి నిజాం గోరీ. పాత నగరాలంటే ఇవి కావా? మాకు గైడు జట్కావాడే. వాడు చెప్పిన కథల్లో సగం అబద్ధాలే అయి ఉండొచ్చు, అయితే ఏంది, ఇప్పటి దాకా యాదికున్నయి. ఎప్పుడు తిరిగి బయలుదేరాలన్నది పైసలు చెప్పేవి. పైసలు ఒడిసిన నాడు ప్రయాణం ఒడిసినట్టు.

అజంతా ముచ్చట చెప్పకుంటే ఇది పూర్తి కాదు. ఆ బొమ్మలు పెచ్చులూడి పోతున్నయని నిజాం ప్రభుత్వం 1920లో ఇటలీ నుంచి నిపుణులను రప్పించింది. వాళ్ళ పెద్ద పేరు లోరెంజో చెక్కోని. రెండు చలికాలాలు గుహల్లో కూసోని రంగులు ఊడకుండ లక్క పూత పూసిన్రు. ఆ పూత తర్వాత పచ్చబడి, నల్లబడి, దాన్ని తీసేసేందుకు మనోళ్ళు ఏండ్ల తరబడి తంటాలు పడ్డరు. అంటే గోడలు చూసేందుకు ఇటలీవాళ్ళే మా రాజ్యానికి వచ్చిన రోజులున్నయి. ఈ ముక్క మా మనవడికి చెప్పిన. "సూపర్ తాతా" అని మళ్ళ పసుపు గడిలోకి పోయిండు.

ఒక్క యాత్రలో ఇన్ని దేశాలా అని చుట్టాలంతా నోరెళ్ళబెడుతున్నరు. మా బాపు బొంబాయి పోయి రావడమే పరదేశం పోయి రావడం. నిజాం రాజ్యానికి సొంత రూపాయి ఉండె, హాలీ సిక్కా. సొంత తపాలా బిళ్ళలు ఉండె. మన్మాడు ఇంగ్లీషోళ్ళది, అక్కడ హాలీ చెల్లదు, కల్దార్ కావాలె. వంద కల్దార్లకు నూట పదహారు హాలీలు, పైన కొన్ని అణాలు. పెండ్లిళ్ళలో నూట పదహార్లు చదివించే ఆచారం ఈ లెక్కలోంచే వచ్చిందని మా దిక్కు కొందరు గట్టిగ వాదిస్తరు. నేను పంచాయితీ చెయ్య, లెక్కయితే కుదిరింది. తిరిగొచ్చేటప్పుడు సరిహద్దు మీద కరోడ్‌గిరీవాళ్ళు మూటలు విప్పించి సుంకం వసూలు చేసేటోళ్ళు. బొంబాయిలో కొన్న ధోవతి ఒకసారి కట్టుకోని, నలిపి, పాతదాన్ని చేసి తెచ్చిండట మా బాపు. ఆ కథ చెప్పినప్పుడల్లా ఆయన మొఖంలో కోట గెలిచినంత సంబరం. పోలీసు చర్య అయినంక, 1950లలో ఆ సుంకం పోయింది, ఆ సిక్కా పోయింది. క్రొయేషియాలో కూడ సొంత సిక్కా కూనా ఉండేదట, 2023 జనవరి 1 నుంచి యూరో వచ్చి దాన్ని మింగింది. దుబ్రోవ్నిక్‌లో మా ఈడు ముసలాయన ఎవడో ఒకడు కూనా లెక్కలు చెప్పి మనవండ్లను విసిగిస్తనే ఉంటడు, నాకు నమ్మకం.

హద్దులు దాటాలంటే కదలాలె అనుకుంటరు ఇప్పటోళ్ళు. సాలూర ఇవతల, బిలోలి అవతల, నడుమ మంజీర. రెండు ఊర్లు ఒక్క రాజ్యంలో ఉండె. 1956 నవంబరు 1న ఎవ్వరూ ఇల్లు కదలకుండనే వేరే రాష్ట్రాలోళ్ళయిన్రు. పెండ్లికూతుర్లు మాత్రం ఇప్పటికీ అటూ ఇటూ దాటుతనే ఉన్నరు, వీసా లేదు.

ఇంకొక లెక్క చెప్తా. 1947లో మా బాపుకు పైసలు, తీరిక రెండూ ఉండి ఒక చుట్టు చుట్టివస్తే నిజాం రాజ్యం, ఇంగ్లీషోళ్ళ రాజ్యం, పోర్చుగీసు గోవా, ఫ్రెంచి యానాం, నాలుగు జెండాలు చూసేటోడు. విమానం ఎక్కనక్కరలేదు. యానాం 1954 దాకా, గోవా 1961 డిసెంబరు దాకా పరాయివే గదా. ఇంగ్లీషోళ్ళ రాజ్యం, గోవా సముద్రం ఒడ్డునే ఉన్నయి. సముద్రమే లేనిది నిజాం రాజ్యానికి. ఉత్తర సర్కారులు ఇంగ్లీషోళ్ళకు పోయినంక ఆ వంశానికి ఉప్పునీళ్ళ ఒడ్డు మిగలలేదు. 1937లో టైమ్ పత్రిక అట్ట మీద బొమ్మ పడ్డ కుబేరుడు, బీచి మాత్రం లేని మనిషి. ఆఖరికి గోవాలో మార్మగోవా రేవు మీద కన్నేసిండంటరు. అది కూడ కుదరలే.

అందుకే సముద్రం ముచ్చట మాకు మొదట చెప్పింది క్యాంపులోళ్ళు. 1931లో నిజాంసాగర్ పూర్తయి కాలువల్లో నీళ్ళు వచ్చినంక కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి రైతులు వచ్చి వర్ని, రుద్రూరు, కోటగిరి దిక్కు భూములు కొనుక్కోని ఊర్లు కట్టుకున్నరు. వాటిని క్యాంపులనే అంటం. ఎండాకాలం వాళ్ళు సొంతూర్లు పోయి వచ్చేటోళ్ళు. బడిలో నా పక్కన కూసునే క్యాంపు పిలగాడు "సముద్రం అవతలి ఒడ్డు కనపడదు" అంటే నేను నమ్మలే. నిజాంసాగర్ కట్ట మీద నిలబడి చూసినోన్ని, దానికంటె పెద్ద నీళ్ళు ఉంటయంటే ఎట్ల నమ్మాలె?

ఇగ అసలు లొల్లి కాడికి వస్తా. సంక్రాంతి నుంచి ఆ పట్టిక మారుతనే ఉంది. మొదట ఇటలీలో ఎక్కువ రోజులు. వారం తిరిగేసరికి ఇటలీ తగ్గింది. ఇంకోటి పెరిగింది. మళ్ళ మారింది. ఎందుకట్ల అంటే కోడలు ఓపికగ చెప్పింది. ఏ దేశంలో ఎక్కువ రాత్రులు ఉంటమో ఆ దేశం దగ్గరనే వీసా అడగాలెనట. అన్నింట్లో సమానంగ ఉంటే మొదట దిగే దేశం దగ్గర అడగాలె. ఆరు నెలల కంటె ముందు అడగొద్దు, పదిహేను రోజుల కంటె ఆలస్యం చెయ్యొద్దు. అంతదాకా బాగనే ఉంది. వీళ్ళు మొదట అనుకున్న దేశానికేమో హైదరాబాదులో స్లాటు దొరకలే. అర్ధరాత్రి లేచి ఫోన్లు నొక్కుడు, తెల్లారి తిట్టుకునుడు. ఇంకో దేశానికి దొరికింది. ఇంకేముంది, ఆ దేశంలో రాత్రులు పెరిగినయి, అసలు చూడాలనుకున్న దేశంలో తరిగినయి.

అరే, ఏమన్న ఉందా! కాశీకి పోదామనుకున్నోడు టికెట్ దొరకలేదని గయలో నెల రోజులుంటడా?

ఆ స్లాటు నాడు పట్టుకపోవాల్సిన కాయితాలు విన్రి. ప్రతి రాత్రి ఎక్కడ పడుకుంటరో హోటల్ రసీదులు. తిరుగు టికెట్. నెలల తరబడి బ్యాంకు లెక్కలు. జీతం చీటీలు. కంపెనీ వాళ్ళు సెలవిచ్చినట్టు ఉత్తరం. ముప్ఫై వేల యూరోల జబ్బు బీమా. పది వేళ్ళ ముద్రలు. అవి ఒకసారి ఇస్తే 59 నెలలు పనికొస్తయట, అరవై ఎందుకు కాదో దేవునికే ఎరుక. మనిషికి 90 యూరోలు, 2024 జూన్‌లో పెంచిన్రు. ఆరేండ్ల నుంచి పన్నెండు లోపు పిల్లలకు సగం. యూరో వంద రూపాయలు దాటి కూసున్నది. వీసా రాకపోతే ఆ పైసలు తిరిగిరావు. నేను రెండుసార్లు అడిగిన, రావట.

అప్పుడు నాకు ఆ గళ్ళ పట్టిక సంగతి సమజయింది. అది మా మనవడు తనకోసం రాసుకున్నది కాదు. ఎవరో ఒక ఆఫీసరు కోసం రాసింది. ఈ కుటుంబం ఫలానా రాత్రి ఫలానా ఊర్లో పడుకుంటది, చివరి రాత్రి అయినంక నోరు మూసుకోని విమానమెక్కి ఇంటికి పోతది అని ఆయనకు నమ్మకం కలగాలె. బండిలో పక్కనోడు చెప్పిండని దిగిపోతమంటే వీసా ఇస్తడా? పైసలు ఒడిసిన నాడు వస్తమంటే ఇస్తడా? మాలాగ తిరిగేటోళ్ళను లోపలికి రానియ్యొద్దనే గదా ఆ కాయితాలన్నీ. 1830లో ఏనుగుల వీరాస్వామి చెన్నపట్నం నుంచి కాశీకి పోయిండు. హైదరాబాదు మీదుగ, మా జిల్లా లోంచే నాగపూరు దారి పట్టిండు. మే నెలలో బయలుదేరినాయన మరుసటేడు సెప్టెంబరుకు ఇల్లు చేరిండు. ఏ ఊర్లో ఏం దొరుకుతది, నీళ్ళెట్లున్నయి, దారెట్లుంది, అన్నీ రాసి పెట్టిండు. అయితే ఆయన నడిచినంక రాసిండు. మా వాడితో నడవకముందే రాయిస్తున్నరు.

వీసా ఒక్కటే అయితే సరే అనుకుందాం. చూసే జాగలకు కూడ గంటల లెక్క. ఏథెన్స్‌లో అక్రోపోలిస్ కొండకు రోజుకు ఇరవై వేల మందేనట, ఏ గంటకు ఎక్కాలెనో టికెట్ మీదనే ఉంటది. ఎండ ముదిరితే మధ్యాహ్నం గేటు మూస్తరు. పాంపేయిలో కూడ 2024 నవంబరు నుంచి అదే ఇరవై వేలు. రోములో కొలోసియం టికెట్ మీద మనిషి పేరు ఉండాలె, గుర్తింపు కార్డు చూపెట్టాలె. వెనిస్ అయితే 2024 ఏప్రిల్ నుంచి, జనం ఎగబడే రోజుల్లో రాత్రి ఉండకుండ చూసి పోయేటోళ్ళ దగ్గర ఊర్లో అడుగుపెట్టినందుకే రుసుం వసూలు చేస్తున్నది. మనవడు వెనిస్‌ను అందుకే కొట్టేసిండు.

బార్సిలోనాలో ఇంకా మంచి ముచ్చట. 2024 జులైలో ఊరోళ్ళు రోడ్డెక్కి, హోటళ్ళ ముందు కూసోని తింటున్న యాత్రికుల మీద బొమ్మ తుపాకులతో నీళ్ళు చల్లిన్రు. ఇండ్లన్నీ యాత్రికులకు కిరాయికి పోతున్నయని, ఊర్లో పుట్టినోళ్ళకు ఇల్లు దొరకట్లేదని వాళ్ళ బాధ. ఇది విని ఇంట్లో అందరూ "అయ్యో, అతిథుల మీద నీళ్ళా" అన్నరు. నేను మాత్రం ఊరోళ్ళ దిక్కే. రేపు కోటగిరిలో ఇండ్లన్నీ పైనుంచి వచ్చినోళ్ళకు రోజు కిరాయికిచ్చి, నన్ను రుద్రూరులో ఇల్లు వెతుక్కొమ్మంటే నేను నీళ్ళతో ఆగ.

బీచి ముచ్చట వినుర్రి. దుబ్రోవ్నిక్ బీచిలో ఇసుక ఉండదట, గులకరాళ్ళు. ఫోటోలో చూసిన. రాళ్ళ మీద మంచాలేసి కిరాయికిస్తరు, దాని మీద బోర్లా పడుకోని ఎండ తాగుతరు. మా జిల్లాలో మే నెలలో ఎండ నలభై నాలుగు దాటుతది. పైసా కిరాయి లేదు. ఇసుక కావాలంటే మంజీర ఉంది, లారీలెక్కి పోగా మిగిలింది మా అందరికీ చాలు. పైగా మనవరాలి బడి జూన్ రెండో వారంలో తెరుస్తరు గనక మే ఆఖర్లోనే పోవాలె. అక్కడి సముద్రానికి వేడెక్కేది ఆగస్టులో. "నీళ్ళు చల్లగ ఉంటయేమోరా" అంటే "స్విమ్మింగ్ డ్రెస్ మందంది తీసుకున్న తాతా" అన్నడు. ఎండ కోసం పోయి, నీళ్ళలో చలికి కోటేసుకునుడు.

మూటల సంగతి కూడ అడిగిన. రైస్ కుక్కర్, పొడులు, ఆవకాయ. మా ముసలిది ప్రేమతో కాచిన నెయ్యి డబ్బా పెట్టబోయింది. కోడలు ఆపింది. యూరప్‌లోకి బయటి నుంచి పాలతో చేసినవి, మాంసంతో చేసినవి తేవొద్దట, సరిహద్దులో పారేస్తరట. కరోడ్‌గిరీ పోయిందని ఎవరన్నరు? మా బాపు ఉంటే ఆ నెయ్యిని ఎట్ల దాటించాలెనో చెప్పేటోడు.

ఒక ముచ్చట మాత్రం నవ్వులాటగ చెప్పలేను. మా జిల్లాకు పరాయి దేశాలు కొత్త కాదు. 1970ల నుంచి ఆర్మూరు, భీంగల్, బోధన్, మా కోటగిరి, ఏ ఊరు తీసుకున్నా దుబాయి, మస్కట్, సౌదీ, కువైట్ పోయినోళ్ళు లేని వాడ లేదు. మా తమ్ముడు మస్కట్‌లో సముద్రం పక్కన రోడ్డు పని చేసిండు. బొంబాయి పోయి, ఏజెంటు ఇంటి ముందు పడుకోని, అప్పు తెచ్చి కట్టి సంపాదించిన వీసా. పదో తరగతి పాస్ కాలేదు గనక పాస్‌పోర్టు మీద ఎమిగ్రేషన్ తనిఖీ కావాలన్న ముద్ర. వాడికి ఎవరూ హోటల్ రసీదులు అడగలేదు, పడుకునే క్యాంపు కంపెనీదే. పాస్‌పోర్టు కూడ కంపెనీ దగ్గరనే. "సముద్రం ఎట్ల ఉంటది?" అని అడిగితే "కనపడుతుండె" అన్నడు. అంతే. ఒడ్డు మీదికి పోయే తీరిక శుక్రవారం ఉండేదట గాని శుక్రవారం బట్టలుతుక్కోవాలె, ఉత్తరం రాసుకోవాలె, నిద్ర పోవాలె.

ఇప్పుడు మనవడి విమానం కూడ దుబాయి మీదుగనే. నడుమ కొన్ని గంటలు ఆగుతదట. ఆ గడికి పచ్చ రంగు వేసి ఉంది. అక్కడి కట్టడాల్లో మా జిల్లావాళ్ళ చెమట ఎంతుందో వాడికి చెప్పమని మా తమ్మునికే చెప్పిన. నేను చెప్తే సణుగుడు అంటరు.

వీళ్ళతో నా తగాదా పైసల గురించి కాదు. బోధన్ గురించి. బౌద్ధ గ్రంథాల్లో కనపడే పదహారు మహాజనపదాల్లో వింధ్యకు దక్షిణాన ఉన్నది ఒక్కటే, అశ్మకం. దాని రాజధాని పోదన మన బోధనేనని చరిత్రకారులు రాసిన్రు. ఆ ఊర్లో పాత గుడి స్తంభాల మీద, తుగ్లక్ కాలంలో మసీదైన దేవల్ మసీదు ఉంది. దౌలతాబాద్ తుగ్లకే, ఇంకొకడు కాదు. రెండు వేల ఏండ్ల ఊరు బస్సెక్కితే వస్తది. కందకుర్తిలో మంజీర, హరిద్ర గోదావరిలో కలుస్తయి, ఒడ్డున ఇసుక కూడ ఉంటది. "ఎప్పుడన్న చూసినవారా?" అంటే మనవడు "బోధన్‌లో చూసేందుకేముంది తాతా, బస్టాండు" అన్నడు. వాడి తప్పేం లేదు. వాడికి చూపించేందుకు అక్కడ సరైన బోర్డు కూడ లేకపాయె. అక్రోపోలిస్ కొండ ఎక్కేందుకు గంటల టికెట్ అమ్ముకుంటున్నరంటే, వాళ్ళు దాన్ని కాపాడుకున్నరని కూడ అర్థం. ఈ ఒక్క మాట దగ్గర నేను కొంచెం మెత్తబడిన.

అది కోడలు కనిపెట్టింది. "మామా, ఒక మాట అడుగుత, కోపం చెయ్యొద్దు. మీరు ఎల్లోరా పోయినప్పుడు అత్తమ్మ ఏం చూసింది?"

నేను జవాబు చెప్పకముందే లోపలి నుంచి మా ముసలిది అందుకున్నది. "పొయ్యి చూసిన బిడ్డా. ధర్మశాలల మూడు రాళ్ళ పొయ్యి. ఈయన, ఈయన దోస్తులు పొద్దంత కొండలు తిరిగొచ్చి కైలాసం ఎంత గొప్పగుందో నాకు చెప్పిన్రు. నేను చారుల చింతపండు పిసుక్కుంట విన్న."

ఎల్లోరా ముచ్చట ఎన్నేండ్లదో, నిన్న మొన్నటి లెక్క చెప్పింది. జట్కావాని కథల్లో అబద్ధాలున్నయన్న గదా, ఈమె కథలో లేవు. నేను పేపరు మొఖానికి అడ్డం పెట్టుకున్న.

మనవడికి మాత్రం ఒక షరతు పెట్టిన. ఆ పట్టికలో ఒక్క రోజన్న ఖాళీ ఉంచమన్న. ఏ గోడా వద్దు, ఏ గంటా వద్దు, లేచినంక ఎటు బుద్ధి పుడితే అటు నడువుర్రి. "ఖాళీ పెడితే ఆఫీసరు అడుగుతడు తాతా" అన్నడు. చానా సేపు బేరం అయినంక ఏథెన్స్‌లో ఒక రోజుకు ‘విశ్రాంతి’ అని రాసిండు. కోడలు అది చూసి, ఆ గడిలో ‘బట్టలుతుకుడు’ అని చేర్చింది. మస్కట్ శుక్రవారం ఏథెన్స్ దాకా పోయింది.

ఆ రాత్రి మా ముసలిది మనవడిని పక్కన కూసోబెట్టుకోని పాస్‌పోర్టుకు దరఖాస్తు నింపించింది. నేను ఎవరికో అనుకున్న. పుట్టిన తారీఖు కాడ ఆధార్ కార్డు చూసి జనవరి 1 అని రాసిండు వాడు. మా ఈడోళ్ళు సగం మంది జనవరి 1నే పుట్టిన్రు, బడి పంతుళ్ళ, ఆధార్ పిలగాండ్ల పుణ్యం. చదువు నాలుగో తరగతి. "మరి చిన్న తాతకు కొట్టిన ముద్ర నానమ్మకు కూడ కొడతరా?" అని అడిగింది మనవరాలు. యాభై ఏండ్లు దాటినోళ్ళకు ఆ ముద్ర ఉండదట. ముసలితనానికి ఒక లాభం దొరికింది.

"ఈ వయసుల ఎటు పోతవే?" అన్న.

"ముందుగాల ఎల్లోరా. దానికి పాస్‌పోర్టు అక్కరలేదని నాకు తెలుసు. తర్వాత సంగతి తర్వాత."

"మోకాళ్ళు?"

"కొండలెక్కేది నేను, నీకెందుకు? నువ్వు ధర్మశాలల కూసోని చారు పెట్టు."

నిజామాబాదులో స్లాటు వచ్చే సోమవారం దొరికింది. ఆలోచించుకోని చెప్తనన్న. ఆలోచించుకో గాని, స్లాటు ఇద్దరికి తీసుకున్న అన్నది.